తోడు గదిలోకి వచ్చిన బూట్లు

అల్టా వాన్ ఎటన్ పదకొండేళ్లు ఒక గాజు సీసాను పెంచింది. ఆ మాటకు పొట్లాలు కట్టే ఆడవాళ్లం నవ్వేవాళ్లం. సీసాలో ఉండేది తోడు. రోజూ కాచి చల్లార్చిన పాలలో అందులోంచి ఒక చెంచా వేస్తే, మర్నాటికి కొత్త సీసా సిద్ధం. బ్లాక్ నది ఒడ్డున మా పాలకేంద్రంలో చేసే క్రీమ్ చీజంతా దాని మీదే నడిచేది. మీగడ కలిపిన పాలు నిదానంగా పులిస్తేనే మెత్తటి ముద్దగా తోడుకుని మీగడను పట్టి ఉంచుతాయి. పులుపు చాలకపోతే జారిపోతాయి, మించితే ఇసుకలా పలుకులు కడతాయి. పులుపు ఎంతుందో రంగు మారి చెప్పే చుక్కమందు వేసి, అల్టా ఆ రంగు చూసి, "ఇక చాలు" అనేది.

ఆవిడది ఒక్కటే పట్టు. గుడ్డమూటల్లోంచి కారిన విరుగుడు నీళ్లు అంటినవాళ్లు తోడు గది గడప తొక్కకూడదు. వాటిలో తోడును చంపే తెగులు పెరుగుతుంది, కంటికి కనపడదు.

యజమాని మెరిట్ కోల్‌గ్రోవ్ ఆ విరుగుడుతోనే పందుల్ని మేపేవాడు. ఒకరోజు దొడ్డిలోంచి నేరుగా, కారుతున్న బూట్లతో, చుట్టాలకు తోడు గది చూపించడానికి వచ్చాడు.

"అయ్యా, బూట్లు!" అంది అల్టా.

"నా గదిలోకి రావడానికి నీ సెలవు తీసుకోవాలా?" అన్నాడు. చుట్టాలు పకపకా నవ్వారు.

మర్నాడు తొట్టిలో పాలు పాలలాగే ఉన్నాయి. పులవలేదు. సాయంత్రానికి చేదెక్కి, నానిన మసిగుడ్డలా కంపు కొట్టాయి.

"ఇంత జిగురు, ఇంత ఉప్పు వేసి గట్టిపరచు. అమ్మేద్దాం," అన్నాడు కోల్‌గ్రోవ్.

"నేను నోట పెట్టుకోలేనిది ఎవరి పిల్లలకు పెడతారండీ?"

అక్కడికక్కడే ఆవిడను పనిలోంచి తీసేశాడు. ఛీ, ఏం మనిషి!

తర్వాత ఎనిమిది రోజులు ఏ తొట్టీ తోడుకోలేదు. అల్టా ఎప్పుడో ఇంటికి తెచ్చుకున్న తోడుతో తన వంటింట్లో ఇంకో సీసా పెంచుతోందని అతనికి ఎవరో చెప్పారు. ఆదివారం వచ్చాడు. నేనక్కడే బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. అల్టా సీసా మూత తీసి, తోడు కొత్త పాలలోకి మార్చబోతోంది.

"మళ్లీ పనిలోకి రా అమ్మా. ఆ సీసా కూడా తీసుకురా."

"వస్తాను. ముందు గది కడిగించండి. మీరక్కడే ఆగండి, బూట్లు..."

"ఇంకా ఆ బూట్ల గొడవేనా!" అంటూ చరచరా లోపలికొచ్చి, సీసా మీదికి వంగి వాసన చూశాడు. విరుగుడుతో తడిసిన చొక్కా చెయ్యి వెడల్పాటి మూతిలోంచి సీసాలో మునిగింది.

అల్టా చెయ్యి చాచింది గాని అందలేదు. ఆ సీసాను అతని వైపు తోసింది.

"తీసుకెళ్లండి. ఇక నాకక్కర్లేదు."

అతను దాన్ని పొట్టకు హత్తుకుని, దండం పెట్టినంత పనిచేసి వెళ్లాడు.

"వేరేది దాచే ఉంటావుగా?" అన్నాను.

"లేదే. ఉన్నది అదొక్కటే."

వేణ్నీళ్లు పెట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, అతను తొక్కిన గచ్చంతా రుద్ది కడిగింది. తర్వాత పంతొమ్మిదేళ్లు బతికింది. ఇంకెప్పుడూ పాలు తోడు పెట్టలేదు.