నీళ్ల తీత

షున్‌మెయ్‌కు తన అత్తగారు అనగానే ముందు గుర్తొచ్చేది ఆవిడ చూపుడువేలు. బియ్యపు కల్లు జాడీలో ముంచి, నోట్లో పెట్టుకుని చీకి, ఎంగిలని కూడా లేకుండా మళ్లీ అదే వేలు ముంచేది. గోటి కింద మట్టి నల్లగా కనబడుతూనే ఉండేది. కొత్తకోడలిగా వచ్చిన మొదటి చలికాలంలో అది చూసి షున్‌మెయ్ పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుంది. అత్తగారు కడుపేమో అనుకుని సంబరపడింది. కాదని తెలిశాక నెలరోజులు మాట్లాడలేదు.

అయినా మెయ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లన్నిటిలో బాలింతలకు పట్టే పురిటి కల్లు అంటే ఆవిడ కాచిందే. పని కూడా ఆవిడ దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది. నోటితో చెప్పడం ఆవిడకు అలవాటు లేదు. తప్పు చేస్తే గరిటెతో మణికట్టు మీద ఒకటి వేసేది. బంకబియ్యం ఆవిరికి ఉడికించి, చల్లార్చి, పులియబెట్టే బిళ్లను పొడి చేసి కలిపి, జాడీలో కూరి, నడుమ పిడికిలంత గుంట చేసి, పాత బొంతలు కప్పాలి. నాలుగు రోజులకు ఆ గుంటలో తేనెలా ఊరేది మొదటి తీత. అది తోడేశాక మిగిలిన మెతుకుల మీద కాచి చల్లార్చిన నీళ్లు పోసి, గుడ్డలో వేసి పిండితే వచ్చేది నీళ్ల తీత. జాడీల మూతులకు బురద మెత్తి, చుట్టూ ఊక పోసి, ఒక పగలంతా సన్నని సెగ మీద కాలిస్తే ఏళ్లు గడిచినా చెడదు.

మగపిల్లాణ్ణి కన్న బాలింతకు మొదటి తీత, ఆడపిల్లను కన్నదానికి నీళ్ల తీత. ఇది ఆ ఇంటి రివాజు. కోడిని అల్లంతో వేయించి కల్లులో ఉడికించి పెట్టడం ఎవరికైనా ఒకటే. నెలరోజులు ఆ బాలింత ఒంట్లోకి ఏ కల్లు వెళుతుందన్నదే తేడా. కొడుకు పుట్టినప్పుడు షున్‌మెయ్ మొదటి తీత తాగింది. ఆరేళ్లకు లీయున్ పుట్టినప్పుడు అత్తగారు రెండో జాడీ మూత తీసింది. కుడితిలా ఉందా కల్లు. ఛీ అనిపించింది. అయినా తాగింది. అత్తగారు పోయాక జాడీలు తన చేతికి వచ్చాయి, వాటితోపాటు రివాజూ వచ్చింది. కల్లు కోసం ఎవరు గుమ్మంలోకి వచ్చినా షున్‌మెయ్ అడిగే మొదటి మాట "మగా? ఆడా?" అదేదో కొలత అడిగినట్టే అడిగేది.

ఆమె కోడలు చాయ్‌ఫెన్ ఆడపిల్లను కన్నప్పుడూ అంతే జరిగింది. ఏ జాడీలోంచి ముంచాలో పదిహేనేళ్ల లీయున్‌కు చూపించింది షున్‌మెయ్. నెలంతా వదినకు గిన్నెలు మోసింది ఆ పిల్లే. చాయ్‌ఫెన్ గోడవైపు తిరిగి తాగేది. ఇదేమిటి అత్తయ్యా అని ఒక్కనాడూ అడగలేదు. అడగలేదు కాబట్టి తప్పేమీ లేదనుకుంది షున్‌మెయ్. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదు.

తరవాత లీయున్‌కు పెళ్లయింది, నది అవతల వెన్ వారింట్లో. తొలికాన్పు కబురు చెప్పడానికి అల్లుడు వచ్చినప్పుడు షున్‌మెయ్ ముందు అతని ముఖం చూడలేదు, చంకలో ఉన్న కోడిని చూసింది. పుంజు అయితే మగ, పెట్ట అయితే ఆడ. అతను తెచ్చింది పెట్టను. గుండె కలుక్కుమంది. కానీ అతను తిరిగి వెళ్లేటప్పుడు సైకిల్‌కు చెరోవైపు కట్టి పంపింది మాత్రం మొదటి తీత జాడీలే, రెండూ. కూతురి దగ్గరికొచ్చేసరికి రివాజు ఏటి పాలైంది. ఆ సంగతి చాయ్‌ఫెన్‌కు తెలియకుండా చూసుకుంది.

పన్నెండో రోజున గుడ్లూ, రెండు కోళ్లూ పట్టుకుని తనే నది దాటి వెళ్లింది. లీయున్ ముఖం పాలిపోయి ఉంది. మంచం పక్కన పీట మీద సగం తాగిన గిన్నె కనబడింది. షున్‌మెయ్ దాన్ని ఎత్తి వాసన చూసింది. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంటే చాలు, ముప్పై ఏళ్ల పనితనం చెప్పేసింది. అది తన కల్లు కాదు. ఎవరో సంతలో కొన్న నీళ్ల తీత, పైగా పులిసింది కూడా. పన్నెండు రోజులుగా తన బిడ్డకు ఈ కుడితి పోశారు. తను పంపిన జాడీలను ఈ ఇంట్లో ఎవరు తాగి మూతి తుడుచుకున్నట్టు?

నేరుగా వంటింట్లోకి వెళ్లింది. వియ్యపురాలు లియెన్‌చింగ్ పొయ్యి ముందు కూర్చుని అల్లం తరుగుతోంది. ఈగలు మూగిన చెక్కపలక, జిడ్డు కారే మూకుడు, ఆవిడ ఎండిపోయిన చేతులు, చూసినవన్నీ ఏవగింపుగానే తోచాయి షున్‌మెయ్‌కు. కోడళ్ల నోటి దగ్గరిది లాక్కునే ఇళ్లు కొన్ని ఉంటాయని విన్నాను గాని ఇంత నికృష్టపు కొంప ఎక్కడా చూడలేదని, మా వీధి పందులకైనా ఇంతకన్నా మంచిదే పోస్తామని దులిపేసింది. లియెన్‌చింగ్ కత్తి పక్కన పెట్టి అంతా విన్నది.

"మీ జాడీలు అటక మీదే ఉన్నాయి వదినగారూ," అంది. "మూతి మట్టి ముద్ర కూడా ఊడలేదు. నేను ఇయ్యనని ఎప్పుడన్నాను? వెళ్లి మీ అమ్మాయినే అడగండి."

షున్‌మెయ్ మంచం దగ్గరికి తిరిగొచ్చింది. లీయున్ బిడ్డకు పాలిస్తోంది.

"నేనే ఎత్తిపెట్టించానమ్మా," అంది తల ఎత్తకుండానే. "మొదటిది ఆడపిల్లేగా, నాలుగేళ్లు పోతే రెండో కాన్పుకు సర్కారు ఒప్పుకుంటుంది. అప్పుడు మగపిల్లాడైతే కావద్దూ? దీనికెందుకు, దండగ."

"ఎవరు నేర్పారే నీకీ మాట? మీ అత్తేనా?"

"మా అత్తకేం తెలుసు, పాపం. వీళ్లింట్లో ఈ తేడాల్లేవు, ఉన్నదేదో తాగుతారట. నేనే నేర్పాను. వదినకి నెల్లాళ్లు గిన్నెలు మోసింది నేనే కదా. ఏ జాడీలోంచి ముంచాలో నువ్వే చూపించావు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. కాస్త గర్వం కూడా ఉంది, పుట్టింటి పనితనం మెట్టినింటికి తెచ్చినదానికి ఉండే గర్వం. షున్‌మెయ్‌కు తన మీద తనకే రోత పుట్టింది. ఒంటినిండా ఏదో పూసుకున్నట్టయింది. అత్తగారి గరిటె దెబ్బ పడకుండానే, ఎవరూ కసరకుండానే, తన పిల్ల ఈ మురికిని ఇంత ఇష్టంగా నేర్చుకుంది. తన నుంచే.

నిచ్చెనేసి అటకెక్కింది. ఒక జాడీ దించి, రాయితో ముద్ర పగలగొట్టింది. గిన్నెడు కల్లు అల్లంతో వెచ్చజేసి తెచ్చి కూతురి నోటి దగ్గర పెట్టింది. తేనెరంగు కల్లు, అల్లం వాసన. లీయున్ పెదాలు బిగించింది. పగిలిన ముద్రను చూసి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎందుకు తెరిచావు? ఇంక నిలవుంటుందా అది?"

"ఉండదు. తాగు."

"నన్ను కన్నప్పుడు నువ్వేది తాగావు?"

షున్‌మెయ్ అబద్ధమాడదామనుకుంది. నోరు రాలేదు. "నీళ్ల తీతే," అంది.

"మరి నేను పెరగలేదా? ఇదీ పెరుగుతుంది."

బిడ్డ చప్పరించడం మానేసి నిద్రపోయింది. వంటింటి గుమ్మంలో లియెన్‌చింగ్ వచ్చి నిలబడింది, ఏం చెయ్యమంటారన్నట్టు ఇద్దరివంకా చూస్తూ. షున్‌మెయ్ తాగమని బతిమాలింది. తిట్టింది. తిండి లేక పాలు ఎండిపోతాయని భయపెట్టింది. గిన్నె చల్లారింది, మళ్లీ వెచ్చజేసి తెచ్చింది. లీయున్ ఈసారి పాలిపోయిన ముఖంతో వెనక్కి వాలి, ఇంక వాదించే ఓపిక లేనట్టు కళ్లు మూసుకుంది.

"సరే, నీళ్లు కలిపివ్వు," అంది. "అప్పుడు తాగుతాను."

పన్నెండు రోజులుగా సరైనదేదీ ఆ పిల్ల కడుపులో పడలేదు. షున్‌మెయ్ వంటింట్లోకి వెళ్లి వేడినీళ్లు తెచ్చింది. గిన్నెలో సగానికి సగం పోసింది. లీయున్ ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, ఇప్పుడు బాగుంది అంది.