సూర్యుడు కదిలిన ఆదివారం

ఆ రోజుల్లో లోకమంతా నా చుట్టూ తిరగాలనే పట్టింపు నాకు గట్టిగా ఉండేది. తాతల నాటి భూములు పోగా మాకు మిగిలింది ఒక బీరువా నిండా అట్టలూడిన పుస్తకాలు, వంగని వెన్నెముక. వరంగల్‌లో ఒక చిన్న బడిలో సైన్సు సారుగా చేరాను. (ఇంట్లో మాత్రం, వాళ్ళు బతిమాలితే ఒప్పుకున్నానని చెప్పాను.) పిల్లల తల్లిదండ్రుల ముందు ఒక పాఠం చెప్పించి, బాగుంటేనే పర్మనెంట్ చేస్తానన్నారు మా పెద్ద మేడం. కొత్త పాఠ్యపుస్తకం ఇమ్మని ఒకరిని అడగడం నాకు నామోషీ. బీరువాలోని పాత పుస్తకమే చదువుకుని వెళ్ళాను.

పాఠం సౌరకుటుంబం. దూరాలు కళ్ళకు కట్టాలని, ఆదివారం ఖాళీగా ఉన్న ఎనుమాముల మిర్చి మార్కెట్ యార్డుకు పిల్లలను, పెద్దలను అందరినీ తీసుకెళ్ళాను. సూర్యుడు కొబ్బరికాయంత అనుకుంటే భూమి ఆవగింజంత, అదీ ఇరవై అడుగులు నడిస్తే గానీ రాదు. బృహస్పతి గోళీ, నెప్ట్యూన్ మిరియం. ఒక్కో గ్రహాన్ని ఒక్కో పిల్ల చేతికిచ్చాను. ఆ మిరియం పట్టుకున్న ఏడో తరగతి అమ్మాయి ఆరు వందల అడుగులు నడిచి, యార్డు అవతలి కొసన చుక్కలా నిలబడింది. ఇదే లెక్కన సూర్యుడి తర్వాతి నక్షత్రం దేశం దాటి నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉంటుందంటే పెద్దవాళ్ళు నోళ్ళు తెరిచారు. కొబ్బరికాయ ఎవరు పట్టుకోవాలన్న చర్చే రాలేదు. నేనే నిలబడి, మిర్చి ఘాటుకు తుమ్ములు ఆపుకుంటూ ప్రకటించాను: సూర్యుడు కదలడు, నాకూ మీకూ మధ్య దూరం మాత్రం ఎవరూ మార్చొద్దు.

అప్పుడు నా ఫోన్ మోగింది. నెప్ట్యూన్ తన నాయన ఫోన్ నుంచి చేస్తోంది. అందరూ వినాలని స్పీకర్ పెట్టాను.

"సార్, సూర్యుడు కదలడన్నరు గదా. నా చేతిలున్న మా కొత్త పుస్తకంల అయితె సూర్యుడు గూడ పాలపుంత నడుమ చుట్టు తిరుగుతాండని ఉన్నది. ఏది కరెక్టు సార్?"

యార్డులో బస్తాలు మోసే ఆమె నాయన నా పక్కనే ఉన్నాడు. "బిడ్డా, సారును గట్ల అడుగుతరా," అన్నాడు కంగారుగా. "అడగనియ్యన్నా," అన్నారు మేడం, నా వైపే చూస్తూ.

పాత పుస్తకాన్ని వెనకేసుకొస్తే ఉద్యోగం పోతుంది, తప్పొప్పుకుంటే పరువు పోతుంది. ఆ పిల్ల పుస్తకం కళ్ళారా చూద్దామని నడక మొదలుపెట్టాను. నాలుగడుగులు వేశానో లేదో, ఆవగింజా గోళీలూ అన్నీ దూరం చెడకుండా నాతోపాటు కదిలాయి. ఫోన్‌లో మళ్ళీ అదే గొంతు: "సార్, మీరు ఇటు వస్తాన్నరు. నేను జర వెనుకకు పోవాల్నా?"

జనం ఒక్కసారి నవ్వారు. నాకు మాత్రం అప్పుడే అర్థమైంది: సూర్యుడు వెళ్తూ తనవాళ్ళందరినీ వెంటబెట్టుకునే వెళ్తాడు. ఒక చుట్టు పూర్తి కావడానికి ఇరవై కోట్ల ఏళ్ళకు పైనే పడుతుందట. తర్వాత చూస్తే, ఆ పిల్ల పుస్తకం మూడో పేజీలోనే ఉంది.

"నువ్వు చెప్పిందే కరెక్టు. నేను చదవలేదు," అన్నాను ఫోన్‌లో.

"ఫికర్ చేయకుండ్రి సార్. నా పుస్తకం తీస్కపోండ్రి. సోమవారం వాపసిస్తే చాలు."

గ్రహాలు కదిలే ఏర్పాటు బాగా ఆలోచించారని తర్వాత మేడం మెచ్చుకున్నారు. అవునందామని నోటిదాకా వచ్చింది. "ఆలోచన ఆ అమ్మాయిది మేడం, తుమ్ములు మాత్రం నావి," అన్నాను. ఉద్యోగం నిలిచింది. ఎండలో కొబ్బరికాయతో నిటారుగా నిలబడ్డ ఆ కుర్ర సారు ఇప్పుడు ఎదురైతే భుజం మీద చెయ్యి వేసి, నాలుగడుగులు నాతో నడవమంటాను.