అరచేతి కింద చిల్లు

జంగ్లీఘాట్‌లో ఉండే మా పెదనాన్న పాత జీపును వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖంగుమంటే రేకు బాగున్నట్టు, బొదబొదమంటే తుప్పు పట్టినట్టు.

దిగ్లీపూర్ ఒడ్డున ఒక్క రాత్రి పడుకుని, తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడాలని పెద్దమ్మ కోరిక. అందుకే జీపు వెనక పడుకోవడానికి బల్ల బిగించాడు. ఆవిడ మోకాళ్ల నొప్పులకని ఎక్కేచోట మెట్టు వెల్డింగ్ చేయించాడు. ఏ సామాను కావాలన్నా ఆ దీవికి చెన్నై నుంచి ఓడలో రావాలి. అది వచ్చేలోపు ఉప్పుగాలి మరోచోట రేకును తినేసేది. ఆ గాలితో ఎవడు పోట్లాడగలడు?

పోయిన శీతాకాలం అంతా సిద్ధమైంది. పెద్దమ్మ స్టవ్వు, ఎండుచేపలు సర్దిన సంచీతో గుమ్మంలో నిలబడింది. బయల్దేరేముందు ఆయన అలవాటుగా డ్రైవరు సీటు ముందు అడుగురేకును తట్టాడు. వేలు లోపలికి దిగిపోయింది.

"ఏమండీ, చలేఁ? లేటైపోతంది."

"రుకో, చిన్న పనుంది," అంటూ ఆ చిల్లును అరచేత్తో మూసేశాడు.

పెద్దమ్మ అప్పటికే చూసేసింది.

"తాబేళ్లెక్కడికి పోతాయిలెండి, వచ్చే ఏడూ వస్తాయి," అని, ఒక చేత్తో మోకాలు పట్టుకుంటూ సంచీ లోపలికి మోసుకుపోయింది.

ఆవిడ వెళ్లిపోయాక కూడా పెదనాన్న ఆ చెయ్యి తియ్యలేదు.