ఆఖరి చరణంలో పేరు

జగిత్యాలలో మా ఇంట్లో ఇప్పుడు స్పానిష్ పాటలు మోగుతున్నాయి. లాటిన్ సంగీతమట, నేటి పట్నాల కుర్రకారు దరువట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా మనుమరాలు వాటికోసం చెవి కోసుకుంటుంది. మొన్న ఫోనులో ఒక సభ చూపిస్తూ, ఈ అవార్డు పాడినవాళ్లకు కాదు తాతా, పాట రాసినవాళ్లకు అని చెప్పింది. వేదిక మీద ఒక నడివయసు ఆమె కళ్లు తుడుచుకుంటూ ఏదో పేరు చెప్పుకుంటుంటే, నాకు మా అక్క గుర్తొచ్చింది.

అక్కది కోరుట్ల. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే పాటలు కట్టేది. రాయడం రాదు, పక్కన కూర్చున్న ఆడవాళ్లు అందుకున్న పాట నిలిచేది, అందుకోనిది ఆ పూటకే పోయేది. కట్టినవాళ్ల పేరు ఆఖరి చరణంలో పెట్టడం వాళ్ల ఆనవాయితీ. తెలంగాణ ఉద్యమంలో ప్రాణం తీసుకున్న పిల్లల్లో మా మేనల్లుడూ ఒకడయ్యాక అక్క చాలాకాలం పాడలేదు. పాడిననాడు, ఆఖరి చరణంలో తన పేరుకు బదులు కొడుకు పేరు పెట్టింది.

ఆ పాటను సిరిసిల్లకు మోసుకెళ్లింది నేనే, అప్పట్లో అక్కడ సాంచాల మీద పనిచేసేవాణ్ని. మరమగ్గాల చప్పుడులో గొంతెత్తి పాడుకుంటుంటే ఉద్యమ సభల్లో ఆడిపాడే ధూంధాం కళాకారులు నేర్చుకుని, గజ్జెకట్టి ఊరూరా తిప్పారు. జగిత్యాల సభలో పాడతారని తెలిసి అక్క నన్ను కోరుట్లకు పిలిపించి, వెంటబెట్టుకుని బస్సెక్కింది. అంతమంది నోట కొడుకు పేరు ఒక్కసారి వినాలన్నదే ఆమె ఆశ.

డప్పులు మోగాయి, జనమంతా అందుకున్నారు, ఆఖరి చరణం వచ్చింది. గాయకుడు వేరే పిల్లవాడి పేరు పాడాడు. ఏ ఊళ్లో పాడితే ఆ ఊళ్లో పోయిన పిల్లవాడి పేరు పెట్టడం వాళ్లు అలవాటు చేసుకున్నారట. మంచి ఉద్దేశమే, కాదనను. అప్పుడు మాత్రం ఒళ్లు మండి లేవబోతే అక్క చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మా ముందు వరసలో ఆ పిల్లవాడి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఊకో తమ్మీ. గామె గూడ గీ ఒక్క పేరు ఇనేటందుకే అచ్చింది" అన్నది అక్క.

తిరుగు బస్సులో కోరుట్ల దాకా ఆ చరణం తనే చిన్నగా పాడుకుంది, కొడుకు పేరుతోనే.

రాష్ట్రం వచ్చింది. పాడినవాళ్లకు శాలువాలు కప్పారు, వాళ్లూ కష్టపడ్డవాళ్లే. అక్క పోయింది. ఆ అవార్డు చూసినరోజే మనుమరాలితో ఫోనులో అక్క పాట వెతికించాను. కొత్త వాయిద్యాలతో, మంచి గొంతుతో ఉంది. రాసినవారి పేరుండవలసిన చోట జానపదం అని ఉంది. పొడవెక్కువైందనుకున్నారేమో, ఆఖరి చరణమే తీసేశారు. ఆ రోజుల్లో ఊరికో పేరైనా వినిపించేది, ఇప్పుడు ఏ తల్లి కొడుకూ అందులో లేడు.

నా ఈడువాళ్లకు ఆ పాట ఇంకా నోటికొచ్చే ఉంటుంది. పాడుకున్నప్పుడు ఫోనులో ఆగినచోట ఆగకండి. మా అక్క అక్కడ పెట్టిన పేరు అంజి.