బొంతల గదిలో అవ్వ ఊఁకొట్టిన పాట

నిన్న కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్తుంటే, లింగంపేట దాటాక ముందు సీట్లోని అమ్మాయి ఫోన్‌లో మా అన్న పాట పెట్టింది. ఇయర్‌ఫోన్లు లేవేమో, చుట్టూ నలుగురికీ వినిపిస్తోంది. ఆమె కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. ఎవరి కోసమో నాకేం తెలుసు. నేను మాత్రం చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ రెండో చరణం కోసం చూస్తున్నాను. దాని చివర పాట కాస్త ఆగిన చోట ఒక ముసలి గొంతు 'ఊఁ' అంటుంది. ఆ గొంతు మా అవ్వది, అంటే నాయనమ్మది. ఆమె ఏడాది మాసికానికే నేను పెద్దబాపు ఇంటికి బయలుదేరాను.

అన్న ఆ పెద్దనాన్న కొడుకే. ర్యాప్ పాడేవాడు. మొదట్లో పాటలన్నీ ఒకటే తీరు: తన బండి, తన దోస్తులు, తన పేరు చెబితే పక్క గల్లీ వణకడం. నిజానికి ఆ బండి పెద్దబాపుది, ఎరువు బస్తాలు మోసేది. గల్లీలో వణికే వాళ్ళెవరినీ నేను చూడలేదు. అయినా బరాత్ ఊరేగింపులో డీజే బండి మీద ఆ పాట మోగితే పెళ్ళికొడుకు కూడా కారు దిగి ఆడేవాడు. దోమకొండ అమ్మాయి ఒకామె ఆ పాటల్ని భరించి మరీ అన్నను ఇష్టపడింది. తర్వాత వాళ్ళ మధ్య ఏం జరిగిందో అన్న ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆమె విడిచి వెళ్ళింది, వేరే సంబంధం కుదిరింది. అన్న గడ్డం పెంచి, ఎవరి ఫోనూ ఎత్తక, ఒక సంచీ, ఒక మైకూ పట్టుకుని కామారెడ్డిలో మా ఇంటికి వచ్చాడు. పెద్దబాపు ఇంటి కింద టైర్ల షాపు చప్పుడుకు రికార్డింగ్ కుదరదు మరి. ఈసారి ఆల్బమ్ అంతా ఏడుపు పాటలేనన్నాడు. "దోస్తులు నవ్వుతరు గావచ్చు. నవ్వనీ."

మా ఇంట్లో చప్పుడు రాని గది అవ్వదే. గొంతు గోడలకు తగిలి మోగకుండా అన్న చుట్టూ బొంతలు వేలాడదీశాడు. అన్నీ పాత చీరలతో అవ్వ కుట్టినవే. అది ఎండాకాలం, ఫ్యాను బంద్. అవ్వ మాత్రం "నా గదిల నుంచి నన్నెందుకు ఎల్లగొడతవ్‌రా" అని మంచం దిగలేదు. తడి తువ్వాల నెత్తిన వేసుకుని వింటూ కూర్చుంది. నేను పుస్తకాలు చదువుతానని అన్న కాగితాలు నాకిచ్చి చూడమన్నాడు. వాటి నిండా 'నా గుండె పగిలింది, నేను ఒంటరినైన, నేను చచ్చిపోయిన' అనే ఉంది. మొహమాటానికి బాగుందన్నాను. అవ్వకు ఆ ఇబ్బంది లేదు.

"ఎవలు సచ్చిండ్రురా?"

"ఎవలు సావలేదవ్వా. పిల్ల ఇడిసిపెట్టింది."

"మరి పాట నిండ నువ్వే ఉన్నవ్. పిల్లేది?"

మా దిక్కు చావు ఇంట్లో ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయిన మనిషిని వరసపెట్టి పిలుస్తూ, ఆ మనిషి చేసినవీ తిన్నవీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. అవ్వ ఎప్పుడో పోయిన తన చెల్లెల్ని తలుచుకుని అక్కడే అందుకుంది. "నీ చెప్పులు గడపకాడ్నే ఉన్నయి చెల్లే, ఉత్త కాళ్ళతోటి ఏడ నడుస్తున్నవే." ఆమె టక్కున ఆపి, "జర చాయ్ పెట్టు బిడ్డా" అంది.

అన్న కాగితాలు చింపేసి మళ్ళీ రాశాడు. ఆమె బస్సు కోసం నిలబడిన రేకుల షెడ్డు వచ్చింది. బస్టాండు హోటల్లో ఉప్మాలోని కరివేపాకు ఆమె ఏరి అన్న ప్లేటులో వేయడం వచ్చింది. బీటు దాదాపు పోయింది. సగం పాడాడో లేదో అవ్వ చెయ్యెత్తింది.

"ఆపు. నేనేదో చెప్తే పిల్ల మీదనే ఏడుస్తున్నవా? బతికున్నోళ్ళ మీద గిట్ల ఏడ్వద్దురా. ఆ ఏడుపు వాళ్ళకు తాకుతది. పెండ్లి కావాల్సిన పిల్ల."

అన్న మైకు పక్కన పెట్టేశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ పాటలు పాడకుండా ఉండలేడు, ఆమెకు ఏమైనా అయితే బతకలేడు. మర్నాడు అవ్వే పిలిచింది. "నా మొఖం చూసుకుంట పాడు. నేనెట్లన్న పోయేదాన్నే. తాకితే నాకే తాకుతది."

అలా మా అన్న ప్రేమ పాటలన్నీ తడి తువ్వాల కప్పుకున్న ఒక ముసలమ్మను చూస్తూ పాడాడు. ఆమె మధ్యలో తగువు పెట్టుకునేది. "నేను కరివేపాకు తింట గదరా?" "పాటల తినవు అవ్వా." "సరే తియ్." మళ్ళీ పాడితే, ఆ చరణం చివర కథ విన్నట్టు 'ఊఁ' కొట్టింది. అది లేకుండా మళ్ళీ ఎంత పాడినా అన్న గొంతు అట్లా పలకలేదు. ఆ 'ఊఁ'తోనే పాట బయటికి వెళ్ళింది.

"గిది పెడితే పెండ్లికొడుకు సుత ఏడుస్తడన్నా" అని డీజే వాళ్ళు వెక్కిరించారు. తర్వాత వాళ్ళే ఒంటరిగా వినడం మొదలుపెట్టారు. దోమకొండ అమ్మాయి పెళ్ళి ఏ ఆటంకం లేకుండా జరిగింది. ఆ ఏడు వానలు మొదలవుతుండగా అవ్వ పోయింది. ఏండ్లు నిండినయి, ఇంకేం లేదని మా అమ్మ అంది. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని రాగం తీస్తుంటే, అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను పక్కకు వెళ్తే, నాకు మాత్రమే వినిపించేలా "తాకింది" అన్నాడు. ఇప్పటికీ నా డైరీలో ఆ రోజు తేదీ కింద ఖాళీగానే ఉంది. అన్న మళ్ళీ పాడలేదు. డీజే బండి మీద వైర్లు చూసుకుంటున్నాడు.

నిన్న మాసికం భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటుంటే అన్నకు బస్సు సంగతి చెప్పాను.

"రెండో చరణం దాకా ఉంచిందా?"

"ఉంచింది."

"ఊఁ అన్నదా?"

"అన్నది."

అన్న నీళ్ళ చెంబు కింద పెట్టాడు. "ఆ ఊఁ తీసేద్దామని చానసార్లు కూసున్న. తీస్తే అప్పుడు అవ్వ నిజంగ పోతది."

పోయినవాళ్ళు రోజురోజుకూ మనకు వెనకబడిపోతారని అనుకునేదాన్ని. అవ్వ మాత్రం ఎప్పుడూ మాకంటే ఒక చరణం ముందే కూర్చుని ఉంటుంది, మేమే నెమ్మదిగా అక్కడికి చేరుతుంటాం.