వాగు పొంగిన ఏడు తిరిగిన పన్‌చక్కి

1992 డిసెంబరులో నేను ఉట్నూర్ దగ్గరి ఒక అడవి పల్లెకు వెళ్లింది మా చిన్నమ్మకు నచ్చజెప్పడానికి. వాళ్ల పాత పన్‌చక్కిని, అంటే వాగు నీటితో తిరిగే పిండిమరను, కూల్చి ఆ రాళ్లతో ఇల్లు కట్టుకుంటానని ఆమె మరిది పట్టుబట్టాడు. ఈమె ససేమిరా అంది. "ఉత్త గోడల కోసం పంచాయితి ఎందుకు? పోయి జర సమజాయించి రా" అని మా అవ్వ నన్ను పంపింది.

కరీంనగర్‌లో తెల్లవారి బస్సెక్కి, లక్షెట్టిపేట, జన్నారం మీదుగా మధ్యాహ్నానికి ఉట్నూర్ చేరాను. అక్కడి నుంచి జీపు, మనిషికి ఐదు రూపాయలు. ఎక్కడికో చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "పన్‌చక్కి అవ్వకు చుట్టమా? ముందట కూసోండ్రి సార్. ఆమె విసిరిన పిండితోని బతికినోళ్లం" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు.

వాగు ఒడ్డున నల్లరాతి గదులు మూడు. ఒకదానిలో తిరగలి రాళ్లు, ఒకదానిలో ధాన్యం, మూడోది దూరపు ఊళ్లవాళ్లు రాత్రి ఆగడానికి. చిన్నమ్మ మామగారి తండ్రి నిజాం కాలంలో కట్టించాడు. ఊళ్లోకి డీజిల్‌తో నడిచే పిండిమర, గిర్ని, వచ్చాక చక్రం ఆగిపోయింది. డ్రైవర్ మాట చెబితే చిన్నమ్మ జొన్నరొట్టె కాలుస్తూ నవ్వింది.

"కొన్నేండ్ల కింద వానాకాలం వాగు పొంగి బాట తెగింది బిడ్డా. గిర్నికి డీజిల్ రాలే. ఇంటింట్ల జొన్నలున్నయి గని పిండి లేదు. పిల్లలకు గుడాలు ఉడికిచ్చి పెట్టినం. ఎన్ని రోజులని తింటరు? పన్‌చక్కి తిప్పుదామన్న. 'వదినా, చక్రం కింద ఇసుక నిండింది, దిగితె పానం పోతది' అన్నడు మరిది. 'పోతే నాది పోతది, నేను చెప్పినంక నువ్వు తూము ఎత్తు' అని దిగిన."

ఊరంతా కాలువ తవ్వితే, ఆమె నడుము లోతు బురదలో కూర్చుని చక్రం కింది ఇసుక తోడిందట. తూము ఎత్తాక రాయి మొదట కదల్లేదు. మళ్లీ దిగింది. రెండోసారి తిరిగింది. బాట పడేదాకా చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడే పిండి పట్టించుకున్నాయి.

సాయంత్రం మరిది వచ్చి, "జర మీ చిన్నమ్మకు చెప్పు బిడ్డా" అన్నాడు.

"ఆమెకు చెప్పేటంతటోన్ని కాదు కాకా. ఆ రోజు తూము ఎత్తింది నువ్వేనటగా?"

"రాయి తిరిగినప్పుడు నేను ఏడ్చిన" అన్నాడు ఆయన. తరువాతి వేసవిలో ఆయన ఇటుకలతో ఇల్లు కట్టుకున్నాడు.

మా బంధువుల్లో పెద్ద ఇళ్లున్నవాళ్లు చాలామందే ఉన్నారు. మావాళ్ల గురించి ఎవరైనా అడిగితే మాత్రం నేను ముందు ఈ మూడు గదుల గురించే చెబుతాను, కాస్త గొంతు పెంచి. మీరూ చూడాలనుకుంటే వానలు తగ్గిన వెంటనే వెళ్లండి, అప్పుడే కాలువలో నీళ్లుంటాయి. ఒక సంచిలో జొన్నలు తీసుకెళ్లండి, ఒట్టి రాయిని చిన్నమ్మ తిప్పదు.