వానసారు ఇల్లు కొన్న సౌందర్య

దంతాలపల్లిలో వానసారు ఇల్లు ఏదని ఎవరినడిగినా చూపిస్తారు. ఋతుపవనాల మీద పరిశోధన చేసి దేశమంతటా పేరు తెచ్చుకున్న యాదగిరిరావు గారు పుట్టి పెరిగిన ఇల్లది. ఆయన పోయాక వారసులు దాన్ని అమ్మకానికి పెట్టారు. ఏ పత్తి వ్యాపారో కొంటాడని ఊరంతా అనుకుంది. కొన్నది మాత్రం పక్క తండా ఆడబిడ్డ సౌందర్య.

సౌందర్య, ఆమె భర్త మాన్‌సింగ్ పెళ్ళయిన కొత్తలోనే హైదరాబాద్ బతకపోయారు. కట్టే బిల్డింగుల పక్కనే రేకుల గుడిసెలో కాపురం. ఆడవాళ్ళు ఇసుక మోయాలి, మగవాళ్ళు తాపీ పట్టాలి అన్నది అక్కడి తీరు. సౌందర్యకు అది నచ్చలేదు. మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చినప్పుడు మొగుడి తాపీ తీసుకుని పని నేర్చుకునేది.

"నవ్వెటోళ్ళను నవ్వనియ్. గోడ వంకర పోతే చెప్పు" అనేది మాన్‌సింగ్‌తో.

చూస్తుండగానే మేస్త్రీ అయింది. తర్వాత ఇద్దరూ కలిసి సొంతంగా గుత్త పనులు పట్టారు. వానసారు ఇల్లు అమ్ముతున్నారన్న కబురు విని మాన్‌సింగ్ తటపటాయించాడు.

"అంత పెద్దోళ్ళ ఇల్లు. మనకిస్తరా?"

"వాళ్ళు అమ్ముతున్నరు, మనం కొంటున్నం. గిందుల ఇచ్చుడేంది?"

గృహప్రవేశం నాడు చుట్టాలంతా లోపలికి వెళ్ళారు. సౌందర్య తల్లి సోమ్లి మాత్రం వాకిట్లోనే నిలబడిపోయింది. ఒకప్పుడు ఆమె ఆ ఇంటికి కట్టెలమోపులు తెచ్చి వేసేది. దొడ్డిదారిన వచ్చి మోపు దించడం, దోసిట్లో పోసిన నీళ్ళు తాగి వెళ్ళిపోవడం, అంతే. గడప లోపల ఏముందో ఎన్నడూ చూడలేదు.

"నేనీడనే కూసుంట" అంది.

సౌందర్య ఎదురొచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "యాడీ, పొయ్యి ముట్టియ్యాల్సింది నువ్వే. నువ్వు రాకుంటే పాలు పొంగియ్య."

సోమ్లి చీరకొంగుతో కాళ్ళు తుడుచుకుని గడప దాటింది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఆ తర్వాత గదిగదీ తిరిగి చూసి, "గింతేనా?" అంది. ఇల్లంతా ఒక్కసారిగా నవ్వింది.

ఎండాకాలం ముదిరేసరికి ఊరి పెద్దలు నలుగురొచ్చారు. వాళ్ళకు ముందు నడిచింది రిటైరైన హెడ్మాస్టరు తిరుపతి సారు. వానసారు పేరిట ఆ ఇంటిని స్మారక భవనం చెయ్యాలని వాళ్ళ కోరిక.

"మన ఊరికే పేరు తెచ్చిన ఇల్లమ్మా గిది. జర మాకియ్యి. నీకు ఊరవతల మంచి జాగ చూపిస్తం" అన్నాడాయన.

సౌందర్య అందరికీ చాయ్ ఇచ్చాకే నోరు విప్పింది.

"ఊరవతలనే పుట్టిన సారూ. మళ్ళ ఆడికే పొమ్మంటరా?"

తిరుపతి సారు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"వానసారు గొప్పోడు, నేను కాదన. కానీ తాళమేసిన ఇంటికి చెదలు పడతయ్. ముందటి అర్రల ఆయన చదువుకునేటోడట గద. ఆ అర్ర మీకు విడిచిపెడ్త. ఫోటోలు పెట్టుండ్రి, పుస్తకాలు పెట్టుండ్రి. ఎవరొచ్చినా తలుపు మేం తీస్తం. ఇల్లు మాత్రం ఇయ్య."

వచ్చినవాళ్ళలో ఒకాయన ఏదో గొణిగాడు. తిరుపతి సారు అతన్ని ఆపాడు.

"నేనడిగిన తీరు మంచిగ లేదు బిడ్డా. నువ్వన్నట్లనే చేద్దాం."

వానలు పడకముందే సౌందర్య ఆ గది గోడలకు తన చేతులతో కొత్తగా సిమెంటు గిలాబు చేసి, పగిలిన పెంకులు మార్పించింది. తిరుపతి సారు ఫోటోలు తెచ్చి తగిలించాడు. బయట రాతిఫలకం పెట్టే రోజు వచ్చింది. దాని మీద వానసారు పేరొక్కటే చాలదని సౌందర్య పట్టుబట్టింది. ఆయన పేరు కింద ఇప్పుడుంటున్నవాళ్ళ పేర్లు కూడా చెక్కించారు. అందులో మొదటిది సోమ్లిది.

ఇప్పుడు సౌందర్య పగలంతా మహబూబాబాద్‌లో ఒక పెద్ద పని మీద ఉంటోంది. బడిపిల్లలు, ఊరుగానోళ్ళు ఇల్లు చూడ్డానికొస్తే తలుపు తీసేది సోమ్లే. మొన్న జనగామ నుంచి వచ్చిన టీచరమ్మ ఆమెను అడిగింది, "అవ్వా, నువ్వు సైంటిస్టుగారికి ఏమైతవ్?" అని.

సోమ్లి అరుగు మీద కాళ్ళు చాపుకుని నింపాదిగా చెప్పింది.

"ఏం గాను బిడ్డా. గీ ఇల్లు మాది. ఆయన గింతకుముందు ఉండెటోడు."